ఏ కాలి లెక్క ఆ కాలికే



అడవిలో పరుగెత్తే వాళ్ళ కాళ్ళ గురించి ఈ పూట మీతో మాట్లాడతాను. ఆ ఆట పేరు ఓరియంటీరింగ్. మనలో చాలామందికి ఆ పేరు కొత్త. ఎన్‌సీసీలో చేరిన పిల్లలకు మాత్రం కొంత పరిచయం ఉంటుంది. మ్యాప్ చదవడం, దిక్సూచితో దిక్కు పట్టడం వాళ్ళ పాఠాల్లో ఉన్నాయి. ఆ రెండు పనులూ పరుగెత్తుతూ చేస్తే ఓరియంటీరింగ్ అవుతుంది.

ఆట ఇలా ఉంటుంది. చేతిలో ఒక మ్యాప్. బొటనవేలికి తగిలించుకునే చిన్న దిక్సూచి. అడవిలో అక్కడక్కడ తెలుపు, నారింజ రంగుల గుడ్డ గుర్తులు వేలాడదీసి ఉంటాయి. మ్యాప్‌లో చూపించిన వరసలోనే వాటిని ఒక్కొక్కటిగా చేరుకోవాలి. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు ఏ దారిన పోవాలో ఎవరూ చెప్పరు. బాట ఉంటే బాట పట్టొచ్చు. గుట్ట ఎక్కి దిగొచ్చు. పొదల్లోంచి దూరొచ్చు. అన్నీ చుట్టి ముందుగా వచ్చినవాళ్ళది గెలుపు.

దీని పుట్టిల్లు స్కాండినేవియా. 1897 అక్టోబరు 31న నార్వేలో, ఇప్పటి ఓస్లో నగరం దగ్గర, మామూలు జనం పాల్గొన్న మొదటి పోటీ జరిగింది. తర్వాత స్వీడన్‌లో ఎర్న్‌స్ట్ కిలాండర్ అనే సైనికాధికారి కుర్రవాళ్ళను పెద్ద ఎత్తున ఈ ఆటలోకి దించాడు. 1961లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1966లో ఫిన్లాండులోని ఫిస్కార్స్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. చరిత్ర ఇంతటితో చాలు. మన విషయం కాళ్ళు.

రోడ్డు మీద పరుగెత్తేవాడికి ప్రతి అడుగూ వెనకటి అడుగు లాంటిదే. అడవిలో అలా కుదరదు. ఒక అడుగు నాచు పట్టిన బండ మీద పడుతుంది. తర్వాతి అడుగు చిత్తడిలో పిక్క దాకా దిగబడుతుంది. ఆ కాలు పైకి లాక్కునేలోపు ఎదురుగా కూలిన చెట్టు. దాన్ని దాటితే జారుడు వాలు. గతుకుల అడవి నేల మీద పరుగుకు రోడ్డు మీద కంటే సుమారు నాలుగో వంతు ఎక్కువ శక్తి ఖర్చవుతుందని పరిశోధకులు కొలిచి చెప్పారు. పొదలు దట్టంగా ఉంటే ఆ ఖర్చు ఇంకా పెరుగుతుంది. పెద్ద పోటీల్లో దూరపు పరుగు గెలవడానికి మగవాళ్ళకు గంటన్నర పడుతుంది. గంటన్నర సేపు ఇదే నేల.

ఆ నేల ఎంత మొరటుదో ఒక్క సంఘటన చెబుతాను. 2009 ఆగస్టులో హంగరీలోని మిష్కోల్త్స్ దగ్గర ప్రపంచ పోటీలు జరిగాయి. మగవాళ్ళ రిలే పరుగు. స్వీడన్ ఆటగాడు మార్టిన్ జొహాన్సన్ తొడలోకి అడవిలో ఒక కర్ర లోతుగా దిగింది. పతకం కోసం అతనితో పోటీపడుతున్న ఫ్రాన్స్ ఆటగాడు, నార్వే ఆటగాడు, చెక్ ఆటగాడు ముగ్గురూ పరుగు ఆపేశారు. అతన్ని కాపాడే పనిలో పడ్డారు. ముగ్గురూ పతకాలు వదులుకున్నారు. ఈ ఆట ఆడేవాళ్ళంటే నాకు గౌరవం కలగడానికి అదొక కారణం.

కర్ర గుచ్చుకోవడం అరుదు. అది ఎవరి చేతిలోనూ లేదు. కానీ అడవి పరుగులో తరచుగా తగిలే దెబ్బలు వేరే ఉన్నాయి. చీలమండ బెణకడం అందులో మొదటిది. మోకాలి నొప్పి, పిక్క పట్టేయడం, తొడ వెనక కండ లాగేయడం కూడా ఉంటాయి. వీటిలో కొన్నింటిని మనం ముందే తగ్గించుకోవచ్చు. దానికి ఉపాయం ఒక్కటే. దాన్ని చెప్పడానికే వచ్చాను.

ముందు ఎముకల సంగతి తేల్చేద్దాం. పొడుగు కాళ్ళవాడే పరుగులో గెలుస్తాడని మనవాళ్ళు అంటుంటారు. మోకాలి పైభాగం ఎంత, కింది భాగం ఎంత, దేని పొడవు ఎక్కువ ఉంటే మంచిది అని ఆటల శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలంగా కొలుస్తున్నారు. అందులో కొంత నిజం ఉంది. కాలి చివర బరువు తక్కువగా ఉంటే ఆ కాలిని ఊపడం తేలిక. ఒక్కో బూటుకు 100 గ్రాముల బరువు పెరిగితే పరుగు ఖర్చు నూటికి ఒక వంతు పెరుగుతుంది. సన్నని పిక్కలు ఉన్నవాళ్ళకు చదును నేల మీద ఆ లాభం ఉంటుంది. కానీ పొడుగు కాళ్ళు ఒక్కటే అడవిని గెలిపించవు. కొమ్మల కింద వంగాలి. వాలు మీద ఒక్కసారిగా ఆగాలి. అంతకన్నా ముఖ్యం, దారి తప్పకూడదు. పైగా ఎముక పొడవు పుట్టుకతో, పెరుగుదలతో వచ్చింది. పెద్దయ్యాక దాన్ని మనం మార్చుకోలేం. మార్చుకోలేని దాని గురించి దిగులు పడటం నాకు ఇష్టం లేదు.

ఇంకో దిగులు ఉంది. అది నాకు తరచుగా వినపడుతుంది. నాకు ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు అని పిల్లలు చెబుతారు. వాళ్ళకంటే ఎక్కువగా వాళ్ళ అమ్మానాన్నలు చెబుతారు. వినండి. రెండు కాళ్ళూ వెంట్రుక వాసి తేడా లేకుండా ఉన్న మనుషులు చాలా తక్కువ. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా మామూలు. రెండు సెంటీమీటర్లు దాటితే డాక్టరుకు చూపించాలి. చాలాసార్లు అసలు ఎముక తేడానే ఉండదు. నడుము పక్క కండ ఒకవైపు బిగుసుకుని ఉంటుంది. దాంతో తుంటి పైకి లేస్తుంది. ఆ కాలు పొట్టిగా కనబడుతుంది. కండ సడలితే తేడా పోతుంది. అందుకే ఎవరో చెప్పారని చెప్పులో అట్ట ముక్కలు పెట్టుకోకండి. కొలిచి చూసిన డాక్టరు చెబితేనే పెట్టుకోండి.

ఇంకో మాట. అడవిలో ఒక అడుగు పడే చోటికీ, పక్క అడుగు పడే చోటికీ జానెడు ఎత్తు తేడా ఉంటుంది. నేలే జానెడు తేడా చూపిస్తుంటే ఎముకలో నాలుగు మిల్లీమీటర్లు ఏ మూలకు? అక్కడ అడిగేది పొడవు కాదు. ఆ జానెడు తేడాను ఒక్క కాలు తట్టుకోగలదా లేదా అన్నదే. తట్టుకునేది కండ. కండను మార్చుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. పరుగెత్తేటప్పుడు రెండు కాళ్ళూ ఒకేసారి నేల మీద ఉండవు. ఒకసారి కుడి కాలు. ఒకసారి ఎడమ కాలు. మధ్యలో కాసేపు గాలిలో ఉంటాం. కాలు నేలను తాకినప్పుడు మన బరువుకు రెండు, మూడింతల భారం ఆ ఒక్క కాలి మీద పడుతుంది. పక్క కాలు సాయం రాదు. ఎడమ కాలికి బలం తక్కువ ఉందనుకోండి. ఎడమ అడుగు పడినప్పుడల్లా కుడి కాలు ఏమీ చేయలేదు. అది గాలిలో ఉంటుంది కదా.

మరి మనం కాళ్ళకు వ్యాయామం ఎలా చేస్తాం? బస్కీలు తీస్తాం. గుంజీళ్ళు తీస్తాం. రెండు కాళ్ళ మీదా కలిపి తీస్తాం. యాభై తీశాం, కాళ్ళు గట్టిపడ్డాయి అనుకుంటాం. అక్కడే మోసం ఉంది. రెండు కాళ్ళూ కలిపి పనిచేసినప్పుడు బలమైన కాలు ఎక్కువ భారం ఎత్తుకుంటుంది. బలహీనమైన కాలు తప్పించుకుంటుంది. మనకు తెలియను కూడా తెలియదు. లెక్కలో యాభై అని వస్తుంది. అందులో ఏ కాలి వాటా ఎంతో ఆ లెక్క చెప్పదు.

ఎడ్లు కట్టి సేద్యం చేసిన ఇళ్ళలో ఈ సంగతి బాగా తెలుసు. కాడికి ఎలపటెద్దు ఒకటి, దాపటెద్దు ఒకటి. రెండింట్లో ఒకటి బక్కది. రెండింటికీ ఒకే తొట్టిలో దాణా పోశారనుకోండి. బలమైన ఎద్దు మూతి అడ్డం పెట్టి బక్కదాని వాటా కూడా తినేస్తుంది. తిన్నది ఇంకా బలుస్తుంది. బక్కది ఇంకా చిక్కిపోతుంది. రైతు ఏం చేస్తాడు? తొట్లు విడదీస్తాడు. బక్కదానికి ముందు పెడతాడు. అది తిన్నదని కళ్ళారా చూస్తాడు. మన కాళ్ళ విషయంలో కూడా చేయవలసింది అదే. తొట్లు విడదీయాలి. ఏ కాలి లెక్క ఆ కాలికే.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఏ కాలి లెక్క ఆ కాలికే. ఈ పూట నేను చెప్పే ఉపాయం మొత్తం ఇదే.

ఇప్పుడు పరీక్ష ఎలా చేసుకోవాలో చెబుతాను. దీనికి ఇంట్లో ఒక కుర్చీ చాలు. ప్లాస్టిక్ కుర్చీ అయితే గోడకు ఆనించి పెట్టండి, వెనక్కి జారకుండా. చెప్పులు విప్పండి. కుర్చీ అంచున కూర్చోండి. చేతులు రెండూ గుండెల మీద కట్టుకోండి. కుడి కాలు ముందుకు చాపి నేల నుంచి కొంచెం ఎత్తండి. ఇప్పుడు ఎడమ కాలి మీద ఒక్కదాని మీదే లేవండి. నిలబడండి. నెమ్మదిగా మళ్ళీ కూర్చోండి. దబ్బున పడకూడదు. అది ఒకటి. అలా ఎన్ని చేయగలరో లెక్కపెట్టండి. తర్వాత కాలు మార్చండి. రెండు లెక్కలూ కాగితం మీద విడివిడిగా రాయండి.

ఎత్తు తక్కువ కుర్చీ అయితే కష్టం. మొదట ఒక్కసారి కూడా లేవలేకపోతే కంగారు పడకండి. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచుకోండి. రెండు కాళ్ళకూ అదే ఎత్తు ఉండాలి. పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఈ పరీక్ష చేయొద్దు. ఇది పరుగెత్తే వయసువాళ్ళకు.

లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. కాలు ఎలా లేస్తోందో చూడాలి. ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఇంటర్ చదువుతోంది. క్రాస్‌కంట్రీ పరుగుల్లో బాగా వస్తుంది. కుడి కాలి మీద తేలిగ్గా లేచింది. మోకాలు పాదం మీదుగా నిటారుగా వచ్చింది. ఎడమ కాలి మీద కూడా లేచింది. లెక్కలో రెండే తక్కువ. కానీ లేస్తున్నప్పుడు ఎడమ మోకాలు వణుకుతూ లోపలికి, కుడి మోకాలి వైపుకి వాలిపోయింది. తుంటి పక్కకు తోసుకొచ్చింది. కాలి వేళ్ళు నేలను గట్టిగా పట్టుకున్నాయి, గోళ్ళు తెల్లబడేంతగా. ఊపిరి బిగబట్టింది. ఆ అమ్మాయి దృష్టిలో రెండు కాళ్ళూ ఇంచుమించు సమానం. చూసేవాళ్ళకు తేడా అక్కడే తెలిసిపోయింది. అందుకని ఈ పరీక్ష చేసేటప్పుడు ఇంట్లో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టండి. మోకాలు ఎటు వాలుతోందో వాళ్ళు చెబుతారు.

మోకాలు లోపలికి వాలడం ఆడపిల్లల్లో ఎక్కువగా కనబడుతుంది. దానికి కారణం మోకాలిలోనే ఉండాలని లేదు. తరచుగా తుంటి పక్కనున్న కండ బలం చాలక అలా జరుగుతుంది. ఒంటికాలి మీద నిలబడినప్పుడు నడుము పక్కకు ఒరగకుండా పట్టి ఉంచేది ఆ కండే. 1895లోనే ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు ఈ విషయం రాశాడు. మనిషిని ఒంటికాలి మీద నిలబెట్టి, ఎత్తిన కాలి వైపు తుంటి కిందికి జారితే నిలబడిన కాలి తుంటి కండ బలహీనం అని చెప్పాడు. ఇప్పటికీ డాక్టర్లు ఆ పరీక్ష చేస్తారు. యంత్రం అక్కర్లేదు. చూసే కన్ను ఉంటే చాలు.

రెండో పరీక్ష పిక్కలకు. మెట్టు అంచున ఒక పాదం ముందు భాగం మాత్రమే ఆనించండి. గోడను రెండు వేళ్ళతో ముట్టుకోండి. ఆసరా కోసం కాదు, తూలకుండా ఉండటానికి. మోకాలు వంచకుండా మడమ పైకి లేపండి. దించండి. మళ్ళీ లేపండి. మడమ మొదట లేచినంత ఎత్తు లేవని క్షణాన ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న యువకులకు ఒక్కో కాలి మీద ఇరవై, ఇరవై అయిదు రావాలి. రెండు కాళ్ళ లెక్కా విడిగా రాయండి. ఏ కాలి లెక్క ఆ కాలికే.

తేడా ఎంత ఉండొచ్చు? నూటికి పది దాకా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఒక కాలు ఇరవై చేస్తే ఇంకోటి పద్దెనిమిది చేసింది. అది మామూలే. ఒకటి ఇరవై, ఇంకోటి పధ్నాలుగో పదిహేనో అయితే మాత్రం దాన్ని సరిచేయాలి.

ఇంత తేడా ఎందుకు వస్తుంది? చాలావరకు అలవాటు వల్ల. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడారా? ఏ కాలి మీద కుంటేవాళ్ళు? ఎప్పుడూ అదే కాలు. రెండో కాలి మీద కుంటడం ఎవరూ మనకు నేర్పలేదు. అడవి పరుగులో కూడా అంతే. కూలిన చెట్టు ఎదురైతే ప్రతిసారీ ఒకే కాలితో తన్ని ఎగురుతారు. ఒకే కాలి మీద దిగుతారు. గంటన్నర పరుగులో అలాంటి గెంతులు చాలా ఉంటాయి. ఏళ్ళ తరబడి అలా చేస్తే ఒక కాలికి ఎగరడం వస్తుంది, ఇంకో కాలికి దిగడం వస్తుంది. రెండు పనులూ రెండు కాళ్ళకూ రావు.

వాలు మీద అడ్డంగా పరుగెత్తడం ఇంకో కారణం. కొండకు కుడి భుజం ఆనించినట్టుగా పోతున్నారనుకోండి. కుడి కాలు ఎత్తు మీద పడుతుంది, మోకాలు బాగా వంగుతుంది. ఎడమ కాలు పల్లంలో పడుతుంది, సాగుతుంది. ఆ పల్లం వైపు పాదంలో బరువంతా బయటి అంచు మీదికి పోతుంది. చీలమండ బెణికేది సరిగ్గా అలాగే. పాదం లోపలికి తిరిగి, బయటి అంచు మీద బరువు పడినప్పుడు, బయటి వైపు స్నాయువు సాగిపోతుంది, లేదా తెగుతుంది.

ఇక్కడ మ్యాప్ కూడా ఒక చెయ్యి వేస్తుంది. మామూలు పరుగులో ఒక చెయ్యి ఊపు ఎదుటి కాలి ఊపును సరిచేస్తుంది. మ్యాప్ పట్టుకున్న చెయ్యి ఊగదు, ఎదర నిలిచి ఉంటుంది. కళ్ళు కాగితం మీద ఉంటాయి. నేల మీద ఉండవు. అంటే అడుగు ఎక్కడ పడుతుందో కంటికి తెలియకముందే పాదానికి తెలియాలి. ఫిన్లాండులో యూకోలా అనే పెద్ద రిలే పోటీ ఉంది. 1949 నుంచి జరుగుతోంది. జట్టుకు ఏడుగురు. రాత్రి 11 గంటలకు పరుగు మొదలవుతుంది. నుదుటికి దీపం కట్టుకుని అడవిలోకి పోతారు. అక్కడ చీలమండ మెలకువగా లేకపోతే కన్ను కాపాడలేదు.

ఆ మెలకువ ఎలా వస్తుంది? ఒంటికాలి మీద నిలబడటం వల్ల వస్తుంది. చీలమండ బెణకడం రెప్పపాటులో అయిపోతుంది. బెణకడం మొదలయ్యాక కండ అందుకుని ఆపడానికి సమయం చాలదు. కాలు నేలను తాకకముందే పిక్క బయటి వైపు కండ బిగిసి సిద్ధంగా ఉండాలి. ఆ అలవాటు నేర్పడానికి రోజూ పళ్ళు తోముకునేటప్పుడు ఒక కాలి మీద నిలబడండి. సగం సేపు ఎడమ కాలు, సగం సేపు కుడి. అది తేలికైపోయాక పక్కన గోడ ఉండేలా చూసుకుని కళ్ళు మూసుకోండి. కళ్ళు మూసుకుంటే ఎంత తేడా వస్తుందో మీకే తెలుస్తుంది. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణికే అవకాశం ఎక్కువ. ఈ నిలబడే సాధన ఆ అవకాశాన్ని తగ్గిస్తుందని గట్టిగా రుజువైంది. బెణికినవాళ్ళు ఎవరున్నా దయచేసి దీన్ని వదలకండి.

కొత్తగా బెణికినప్పుడు ఏం చేయాలో కూడా ఇక్కడే చెబుతాను. వాచిన కాలిని చమురు రాసి లాగించుకోవద్దు. మన ఊళ్ళలో ఆ అలవాటు ఇంకా ఉంది. అది మంచిది కాదు. కాలు పైకి పెట్టుకోండి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి, పట్టీ చుట్టండి. ఆ కాలి మీద నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, లేదా చీలమండ గుబ్బ ఎముక వెనక అంచున నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రే తీయించాలి. ఈ నియమం కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో తయారు చేశారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది.

ముందు, వెనక తేడా గురించి కూడా ఒక మాట. తొడ ముందు కండ ఎప్పుడూ బలమైనదే. వెనక కండ బలం దాంట్లో కనీసం నూటికి అరవై వంతులన్నా ఉండాలని ఆటల డాక్టర్లు చూస్తారు. ముందు కండ బాగా కష్టపడేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఎక్కినవాళ్ళకు ఆయాసం వస్తుంది. అవే మెట్లు దిగి వచ్చినవాళ్ళకు మర్నాడో ఆ మర్నాడో తొడలు పట్టేసి కుర్చీలో కూర్చోవడం కూడా కష్టమవుతుంది. దిగేటప్పుడు కండ సాగుతూనే బరువు మోస్తుంది, అందుకు. ఒకసారి అలా కష్టపడిన కండ కొన్ని వారాల పాటు ఆ దెబ్బను బాగా తట్టుకుంటుంది. పోటీకి రెండు, మూడు వారాల ముందు కాస్త దిగుడు పరుగు చేయాలని చెప్పేది అందుకే.

వెనక కండకు ఒక పని చెబుతాను. వెల్లకిలా పడుకోండి. ఒక మడమ కుర్చీ మీద పెట్టండి. రెండో కాలు గాలిలో ఉంచండి. మడమతో కుర్చీని నొక్కుతూ నడుము పైకి ఎత్తండి. దించండి. ఇది కూడా ఏ కాలికి ఆ కాలే. విడిగా లెక్కపెట్టండి.

పరీక్షలయ్యాయి. ఇక సాధన. ఇందులో కొత్త వ్యాయామాలేమీ లేవు. పరీక్షలో చేసినవే సాధనలో చేస్తారు. కుర్చీ నుంచి లేవడం, మెట్టు మీద మడమ లేపడం, పడుకుని నడుము ఎత్తడం. వారానికి మూడు రోజులు. మధ్యలో ఒక రోజు విశ్రాంతి. బలహీనమైన కాలితోనే మొదలుపెట్టాలి. ఎందుకంటే అప్పుడు ఒంట్లో ఓపిక ఉంటుంది, మనసు నిలుస్తుంది. అది ఎనిమిది చేసిందా? బలమైన కాలితో కూడా ఎనిమిదే చేయించండి. దానికి పదిహేను చేసే శక్తి ఉన్నా సరే, ఎనిమిదితో ఆపండి. ఇక్కడే పిల్లలు నా మాట వినరు. బలమైన కాలు ఉత్సాహంగా ఉంటుంది. ఇంకో నాలుగు చేస్తే ఏం పోయింది అంటారు. తేడా అలాగే మిగిలిపోతుంది. బలమైన కాలిని కాసేపు ఆగమనండి. తర్వాత బలహీనమైన కాలికి మాత్రం ఇంకో విడత ఇవ్వండి.

మొదటి రెండు, మూడు వారాల్లోనే లెక్క పెరుగుతుంది. అది కండ పెరిగినందుకు కాదు. నరాలు కండను బాగా వాడుకోవడం నేర్చుకున్నందుకు. కండ నిజంగా గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మధ్యలో మానేయకండి. మోకాలు వాచినా, రాత్రి నొప్పితో మెలకువ వచ్చినా, కాలు తిమ్మిరెక్కినా మాత్రం ఆపేసి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

పరుగులో కూడా అలవాటు మార్చుకోవాలి. గెంతవలసి వస్తే ఒకసారి కుడి కాలితో, ఒకసారి ఎడమ కాలితో తన్నండి. మొదట తడబడతారు. చిన్న కాలువ దగ్గర, మెత్తటి ఇసుక దగ్గర నేర్చుకోండి. వాలు మీద అడ్డంగా పరుగెత్తితే, పోయేటప్పుడు కొండ కుడివైపున ఉంటే తిరిగొచ్చేటప్పుడు ఎడమవైపున ఉండేలా అదే దారిన రండి.

ఇదంతా నార్వే వాళ్ళకు, స్వీడన్ వాళ్ళకే అనుకోకండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో తెల్లవారుజామున కాలేజీ మైదానాలకు వెళ్ళి చూడండి. పోలీసు ఉద్యోగాల 1600 మీటర్ల పరుగు కోసం, సైన్యంలో చేరడం కోసం ఎందరో పిల్లలు పరుగెత్తుతుంటారు. అందరూ ఒకే దిక్కుకు, ఎడమ చేతి వైపుకే తిరుగుతారు. నెలల తరబడి అదే మలుపు. లోపలి కాలికి ఒక పని, బయటి కాలికి ఇంకో పని. ఒళ్ళు వేడెక్కించుకునే మొదటి రెండు చుట్లూ ఎదురు దిక్కుగా తిరగమని నా సలహా. ఎదురొచ్చేవాళ్ళకు అడ్డం రాకుండా మైదానం బయటి అంచున తిరగండి. చాలామంది పిల్లలు పిక్క నొప్పి, మోకాలి కింద నొప్పి అంటూ పరీక్షకు నెల ముందు ఆగిపోతారు. ఆ నొప్పులకు కారణాలు చాలా ఉన్నాయి. కాలి తేడా అందులో ఒకటి. అది ముందే కనిపెట్టగలిగినది, పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోగలిగినది. ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న పిల్ల ఒక బలహీనమైన కాలి వల్ల ఆగిపోతే చూడటం చాలా బాధగా ఉంటుంది.

వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మీ దగ్గర పిల్లల పేర్లున్న రిజిస్టరు ఉంటుంది. అందులో పేరు పక్కన రెండు గడులు గీయండి. ఒకటి ఎడమ కాలికి, ఒకటి కుడి కాలికి. టర్ముకు ఒకసారి కుర్చీ పరీక్ష పెట్టి, రెండు అంకెలూ విడిగా రాయండి. తేడా ఎక్కువున్న పిల్లలను పిలిచి, బలహీనమైన కాలితో మొదలుపెట్టమని చెప్పండి.

ఇక ఈ మాటలు వింటున్న పరుగు పిల్లలూ, మీరు రేపటి దాకా ఆగొద్దు. ఈ రాత్రి భోజనానికి ముందే కుర్చీ గోడకు ఆనించండి. ఒక్కో కాలి మీద లేచి చూడండి. రెండు అంకెలు, ఈ రోజు తేదీ వేసి కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎనిమిది వారాల తర్వాత అదే కుర్చీ మీద మళ్ళీ చూసుకోండి.